697 ఇంజిన్‌లో హెడ్ గ్యాస్కెట్ మళ్లీ ఎందుకు పోయింది, ఈసారి హెడ్ విప్పినప్పుడు ఏమేమి చూడాలి

మీరు ఇచ్చిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా వాటిమీదే ఆధారపడి ఉంది. బండి పాత టాటా 697 ఇంజిన్ లారీ. నవరంగపూర్‌లో మొక్కజొన్న ఎత్తి విజయనగరంలో దింపారు. తిరుగు కిరాయికి సిమెంటు వేసుకుని సాలూరు నుంచి ఘాట్ ఎక్కుతుండగా, సుంకి దాటిన తర్వాత హీట్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఎలాగో సెమిలిగూడ దాకా తెచ్చి ఆపి చూస్తే రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తోంది. అక్కడి మిస్త్రీ హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య వేసే పలక) పోయిందన్నాడు. కిందటి వర్షాకాలంలోనే కొత్త గ్యాస్కెట్ వేయించారు కాబట్టి మీకు అనుమానం వచ్చింది. పోయింది నిజంగా గ్యాస్కెట్టేనా, అయితే దాన్ని మాత్రం మారిస్తే సరిపోతుందా లేక హెడ్ ఫేసింగ్‌కు (ముఖాన్ని మెషిన్ మీద చదును చేయించడానికి) పంపాలా, లోడు దింపేసి ఖాళీ బండిని మెల్లగా సాలూరు దాకా దించుకుని అక్కడ పని చేయించుకోవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దించకండి. దిగుడు దారే కదా, ఇంజిన్ మీద బరువు పడదు అనుకుంటారు కానీ, గ్యాస్కెట్ కాలిన చోటినుంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరుతుంటే ప్రమాదం బరువు వల్ల కాదు, నీటివల్ల వస్తుంది. టీ తాగడానికి ఆపిన పావుగంటలో పిస్టన్ మీద నీళ్లు నిలిచి, మళ్లీ సెల్ఫ్ కొట్టిన క్షణంలో కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, ఎందుకంటే గాలిలాగా నీరు నొక్కితే నలగదు. అప్పటిదాకా హెడ్ పని అనుకున్నది మొత్తం ఇంజిన్ పని అవుతుంది. పైగా ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోకి నీళ్లు దిగితే ఆయిల్ పల్చబడి క్రాంక్ బేరింగులు గీరుకుపోతాయి. తాడు కట్టి లాగించుకోవడం ఇంకా ప్రమాదం. ఇంజిన్ తిరగకపోతే కంప్రెసర్ గాలి కొట్టదు, నాలుగుసార్లు పెడల్ తొక్కేసరికి బ్రేకులో గాలి అయిపోతుంది, ఆ తర్వాత ఘాట్ మలుపుల్లో మీ బండి ముందు బండి వీపు మీదికే పోతుంది. హెడ్ విప్పడానికి పెద్ద షెడ్డు అక్కర్లేదు. సెమిలిగూడలోనే చదునైన, దుమ్ము తక్కువగా ఉన్న చోట బండిని నిలిపి హెడ్ దించి, దాన్ని మాత్రం మెషిన్ షాపుకు పంపండి.

ఇక మొదటి ప్రశ్న. రేడియేటర్‌లో బుడగలు కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ అనేయడం మన దగ్గర అలవాటైపోయింది. చాలాసార్లు అది నిజమే అవుతుంది, కానీ లారీల్లో ఇంకొక కారణం కూడా ఉంది. మీ బండిలో ఎయిర్ కంప్రెసర్ హెడ్‌కు ఇంజిన్ నీళ్ల పైపులు తగిలించి ఉంటే, కంప్రెసర్ హెడ్ గ్యాస్కెట్ పోయినా, ఆ హెడ్ చీలినా, అది కొట్టే గాలి నేరుగా నీళ్లలో కలుస్తుంది. అప్పుడు కూడా రేడియేటర్ అచ్చంగా ఇలాగే బుడగలు కక్కుతుంది, నీళ్లు బయటికి తన్నుతుంది, ఇంజిన్ హీటెక్కుతుంది. దీన్ని తేల్చడానికి పెద్ద ఖర్చు లేదు. బండి చదునుగా ఉన్నచోట చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇంజిన్ చల్లారి ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, ఇంజిన్ స్టార్టు చేసి, ఎయిర్ ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ పూర్తిగా తెరిచి ఉంచండి. ట్యాంకులో ఒత్తిడి లేకపోతే కంప్రెసర్ ఊరికే తిరుగుతుంది. బుడగలు అప్పుడు ఆగిపోయి, కాక్ మూసి గాలి నిండుతున్నకొద్దీ మళ్లీ మొదలైతే, తప్పు కంప్రెసర్‌దే. కాక్ తెరిచినా మూసినా బుడగలు ఒకేలా వస్తుంటే అప్పుడు ఇంజిన్ హెడ్ వైపు చూడాలి. తెల్లపొగ కూడా ఉందన్నారు కాబట్టి మీ విషయంలో హెడ్డే అయ్యే అవకాశం ఎక్కువ, అయినా ఈ పరీక్ష చేయకుండా పానా పట్టుకోవద్దు. అయితే ఈ పరీక్షకు ఇంజిన్ స్టార్టు చేసే ముందే నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, క్రాంక్ పుల్లీ నట్టు మీద పానా వేసి చేత్తో ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పండి. ఏ నాజిల్ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే ఆ సిలిండర్ దోషం అక్కడికక్కడే తెలుస్తుంది, ఇక స్టార్టు చేసే అవసరమే ఉండదు.

ఈ పరీక్షల్లో తేలకపోతే కంప్రెషన్ గేజి పెట్టించండి. అది డీజిల్ ఇంజిన్‌కు సరిపోయే గేజి కావాలి, మోటార్ సైకిల్ షాపుల్లో ఉండే పెట్రోల్ గేజి ఆ ఒత్తిడికి ఆగదు. అన్ని సిలిండర్లూ కొంచెం తక్కువగా ఉంటే అది రింగుల అరుగుదల. పక్కపక్కనే ఉన్న రెండు మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే, ఆ రెండింటి మధ్య సన్నటి గోడమీద గ్యాస్కెట్ కాలిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఆయిల్ మూత లోపల మజ్జిగలాంటి తెల్లటి నురుగు కనబడితే చాలామంది వెంటనే హెడ్ విప్పేస్తారు. కోరాపుట్ పీఠభూమిలో చలికాలం పొద్దున పూట చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి ఆ మూతకింద తేమ చేరి అలాగే కనిపిస్తుంది. కాబట్టి మూతను కాదు, డిప్ స్టిక్‌ను నమ్మండి. రాత్రంతా ఆగిన బండి చాంబర్ బోల్టును కొంచెం వదులు చేస్తే, ఆయిల్‌కంటే ముందు నీటిచుక్క రావడం ఇంకా గట్టి ఆధారం.

ఇప్పుడు అసలు సంగతి. కిందటి వర్షాకాలంలో వేసిన గ్యాస్కెట్ ఇంత తొందరగా పోయిందంటే గ్యాస్కెట్ నాసిరకమని తిట్టుకోవడం తేలిక. నకిలీ సరుకు బజారులో లేదని నేను అనను, కానీ నా అనుభవంలో రెండోసారి పోయే గ్యాస్కెట్‌కు కారణం చాలావరకు గ్యాస్కెట్ బయటే ఉంటుంది. అది దేన్ని తట్టుకుంటోందో ఒకసారి లెక్క వేయండి. ఈ ఇంజిన్ బోరు 97 మిల్లీమీటర్లు, స్ట్రోకు 128, ఆరు సిలిండర్లు కలిపి 5,675 సీసీ. ఒక్క బోరు వైశాల్యం దాదాపు 74 చదరపు సెంటీమీటర్లు. డీజిల్ మండే క్షణంలో చదరపు సెంటీమీటరుకు 80 కేజీల ఒత్తిడి అనుకున్నా, ఒక్కో సిలిండర్ హెడ్‌ను దాదాపు 6 టన్నుల బలంతో పైకి నెడుతుంది. ఆ బలాన్ని ఆపేది బోల్టులు, గ్యాస్కెట్ కాదు. బోల్టులు రెండు ముఖాలనూ ఒకే సమంగా నొక్కి ఉంచినంతకాలమే గ్యాస్కెట్ తన పని చేస్తుంది. ముఖం ఎక్కడో కొంచెం వంగినా, ఒక బోల్టు పట్టు తగ్గినా, ఆ సందులోంచి మంట కొంచెం కొంచెంగా దూరి గ్యాస్కెట్‌లో సిలిండర్ రంధ్రం చుట్టూ ఉన్న ఇనుప ఉంగరాన్ని కోసేస్తుంది.

ముఖం వంగడానికి మొదటి కారణం వేడి. పోత ఇనుము మీటరు పొడవుకు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. సాలూరు కింద మైదానంలో ఉంది, కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. లోడుతో రెండో గేరులో గంటసేపు ఎక్కడం, ఆ వెంటనే దిగుడులో ఇంజిన్ చల్లబడటం, ఇలా ప్రతి ట్రిప్పులోనూ హెడ్ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఇది సహజమే, మంచి ఇంజిన్ దీన్ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఒకేచోట అతిగా వేడెక్కడం. మన ఘాట్ దారుల్లో మరో చిక్కు ఉంది. ఆ ఎత్తులో మూతలేని పాత్రలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా సుమారు 97 దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత రబ్బరు, స్ప్రింగు బాగుండి అర బారు ఒత్తిడి పట్టి ఉంచినా అదే నీరు 110 దరిదాపుల దాకా మరగదు. అంటే వందల రూపాయల్లో దొరికే మూత చెడిపోతే, సరిగ్గా ఇంజిన్‌కు ఎక్కువ కష్టమైన చోటనే నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. ఆవిరి చేరిన చోట హెడ్ లోపల నీరు గోడకు తాకదు, అక్కడ ఇనుము కాలిపోతుంది. మీరు హెడ్ విప్పేముందే కొత్త మూత కొనండి, పాతది బాగున్నట్టు కనిపించినా సరే.

నీటి వేడినిబట్టి తెరుచుకునే థర్మోస్టాట్ గురించి కూడా రాయాలి. మీ బండిలో అది లేకపోయినా నేను ఆశ్చర్యపోను, ఎందుకంటే హీటెక్కే బండి రాగానే దాన్ని పీకేసి పారేయడం మన గ్యారేజీల్లో పాత అలవాటు. బైపాస్ దారి ఉన్న ఇంజిన్‌లో థర్మోస్టాట్ వేడెక్కి తెరుచుకున్నప్పుడు బైపాస్‌ను మూసి నీళ్లన్నిటినీ రేడియేటర్‌కు పంపుతుంది. అది లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది, అందువల్ల లోడుమీద చల్లబడాల్సిన ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. లోడు లేనప్పుడేమో ఇంజిన్ తగిన వేడికే రాదు, డీజిల్ తాగుతుంది. కొత్తది కొని, వేసేముందు గిన్నెలో నీళ్లు కాచి దాంట్లో వేలాడదీసి, దానిమీద అచ్చువేసిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూసుకుని బిగించండి.

రేడియేటర్‌లో పసుపు వేశారా? అడగక తప్పదు. చిన్న కారుడు ఆపడానికి డ్రైవర్లు రోడ్డుమీద పసుపు పొడి వేయడం నేను ఎప్పటినుంచో చూస్తున్నాను. ఊరు చేరేదాకా అది పని చేస్తుంది కూడా. ఆ తర్వాత అదే ముద్దకట్టి సన్నటి గొట్టాల్లో అడ్డం పడుతుంది, బోరు నీటి సున్నం దానికి తోడవుతుంది. బయటివైపు మొక్కజొన్న పొట్టు, దుమ్ము, పురుగులు రేడియేటర్ రెక్కల్లో నిండి గాలిని ఆపుతాయి. మీ బండి మొక్కజొన్న లోడింగు దగ్గర గంటలకొద్దీ ఆగుతుంది కాబట్టి ఇది మీకు మరీ వర్తిస్తుంది. హెడ్ ఎలాగూ దిగుతోంది కనుక రేడియేటర్ కూడా దించి రాడింగ్ (గొట్టాల్లో ఊచ దూర్చి శుభ్రం) చేయించండి, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు షాఫ్టు ఆట చూడండి. వీటికి పెట్టే డబ్బు మీద మిస్త్రీకి పెద్దగా లాభం ఉండదు కాబట్టి ఆయన చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

విప్పడం గురించి. ఇంజిన్ చెయ్యి పెట్టగలిగేంత కాదు, పూర్తిగా చల్లారాలి. వేడిమీద బోల్టులు వదిలితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. నీళ్లు రేడియేటర్ కింది కాక్‌లోంచి మాత్రమే కాకుండా బ్లాకు పక్కనున్న కాక్‌లోంచి కూడా వదలండి, లేకపోతే హెడ్ లేపగానే బ్లాకులో మిగిలిన నీళ్లన్నీ బోరుల్లోకి పోతాయి. డీజిల్ పైపులు విప్పిన వెంటనే పంపు వైపు, నాజిల్ వైపు రెండు కొసలకూ మూతలు గానీ శుభ్రమైన ప్లాస్టిక్ సంచి ముక్కలు గానీ కట్టండి. రాకర్ షాఫ్టు తీసిన తర్వాత పుష్ రాడ్‌లను అట్టపెట్టెకు వరుసగా రంధ్రాలు చేసి గుచ్చిపెట్టండి, ఏది ఎక్కడిదో మళ్లీ అక్కడికే పోవాలి. హెడ్ బోల్టులను రెండు చివరలనుంచి మధ్యకు వస్తూ, మొదటి విడతలో పావు చుట్టు చొప్పున మాత్రమే వదలండి. ఒక పక్కనుంచి పూర్తిగా విప్పుకుంటూ పోయే పద్ధతి చూస్తే అక్కడే ఆపించండి. హెడ్ అంటుకుపోయి లేవకపోతే రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ గానీ ఉలి గానీ దూర్చనివ్వకండి, చెక్కతో పక్కలకు తట్టి చైన్ బ్లాకుతో నిటారుగా లేపించండి. పోత ఇనుప హెడ్ ఇద్దరు మనుషులు కూడా వంగి ఎత్తాల్సిన బరువు కాదు, నడుము పోతుంది. నాజిళ్లు బిగించి ఉండగా హెడ్‌ను బోర్లా నేలమీద పెడితే వాటి కొనలు దెబ్బతింటాయి, చెక్కదిమ్మల మీద పెట్టండి.

పాత గ్యాస్కెట్‌ను పారేయనివ్వకండి. ఈ పనిలో మీకు దొరికే అసలైన సాక్ష్యం అదొక్కటే. దాన్ని తుడవకుండా వెలుతురులో పెట్టి, ఉంగరాల చుట్టూ చూడండి. రెండు సిలిండర్ల మధ్య నల్లటి మసిగీత ఒక అంచునుంచి మరో అంచుకు పోయి ఉంటే మంట అక్కడ దాటింది. సిలిండర్ అంచునుంచి నీటి రంధ్రం దాకా మసి, దానిచుట్టూ తుప్పు రంగు కనిపిస్తే అదే మీ బుడగల దారి. ఉంగరం మీద నొక్కుడు గుర్తు ఒకవైపు లోతుగా, మరోవైపు దాదాపు కనిపించనంత తేలికగా ఉంటే బిగింపులో గానీ ముఖంలో గానీ సమానత్వం లేదు. ఎక్కడా కాలకుండా, నొక్కుడు గుర్తు అన్నిచోట్లా ఒకేలా ఉంటే మాత్రం కాసేపు ఆగాలి, అప్పుడు తప్పు గ్యాస్కెట్‌ది కాకపోవచ్చు, హెడ్ ఎక్కడో చీలి ఉండవచ్చు.

ముఖాలు శుభ్రం చేసేటప్పుడు గ్రైండర్‌కు ఎమెరీ బిళ్ల తగిలించి రుద్దే పద్ధతిని ఒప్పుకోవద్దు. ముఖం తళతళలాడుతుంది కానీ బిళ్ల ఒకచోట ఎక్కువ తినేస్తుంది, దాని పొడి బోరుల్లోకి, ఆయిల్ దారుల్లోకి పోయి బేరింగులను తినేస్తుంది. బోరుల్లో గుడ్డలు కుక్కి, నీటి, ఆయిల్ రంధ్రాలకు కాగితం అడ్డం పెట్టి, చదునైన గీకుడు బ్లేడుతో ఓపిగ్గా గీయించండి. పాత గ్యాస్కెట్లలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉండే అవకాశం ఉంది, అందుకని పొడిగా గీకి దుమ్ము లేపకుండా డీజిల్‌తో తడిపి తీయడం ఊపిరితిత్తులకు మంచిది.

తర్వాత కొలత. మంచి స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్ హెడ్ ముఖం మీద నిలువుగా నిలబెట్టి, దానికింద ఫిల్లర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకులు) ఏ మందం దాకా దూరుతుందో చూడాలి. పొడవునా రెండు అంచులమీద, మధ్యలో, అడ్డంగా ప్రతి రెండు సిలిండర్ల మధ్య, చివరికి రెండు మూలలనుంచి మూలలకు చూడాలి. ఈ పనికి మామూలు స్కేలు పనికిరాదు, దానికే వంపు ఉంటుంది. సాధారణంగా అడ్డంగా 0.05 మిల్లీమీటర్లు, పొడవునా 0.10 దాటితే నేను ఫేసింగ్‌కు పంపుతాను. మీ ఇంజిన్ పుస్తకంలో ఇచ్చిన హద్దు వేరుగా ఉంటే పుస్తకాన్నే అనుసరించండి. మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఫేసింగ్ కావాలో వద్దో మిస్త్రీ అనుభవమో నా అనుభవమో చెప్పకూడదు, ఆ గేజి చెప్పాలి. ఇదే కొలత బ్లాకు పై ముఖం మీద కూడా తప్పక తీయండి. హెడ్‌ను ఎన్నిసార్లు ఫేసింగ్ చేసినా గ్యాస్కెట్ పోతూనే ఉన్న బండ్లలో బ్లాకు ముఖాన్ని ఎవరూ కొలిచి ఉండరు. లైనర్ (సిలిండర్ లోపల ఉండే స్లీవు) పై అంచు బ్లాకు ముఖంతో ఎలా ఉందో కూడా డయల్ గేజితో చూడాలి. ఒక లైనర్ పక్కదానికంటే కిందికి దిగి ఉంటే ఆ సిలిండర్ మీద గ్యాస్కెట్‌కు నొక్కుడే దొరకదు. మీ ఇంజిన్ ఎప్పుడైనా స్లీవులు మార్పించుకుని ఉంటే ఇది మొదట అనుమానించాల్సిన చోటు.

హెడ్‌ను మెషిన్ షాపుకు పంపినప్పుడు ఫేసింగ్‌కు ముందే ప్రెజర్ టెస్ట్ చేయమని అడగండి. నీటి దారులన్నీ మూసి, వేడినీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టిస్తారు. చల్లటి నీళ్లలో బయటపడని చీలికలు ఇనుము వేడెక్కాక తెరుచుకుంటాయి కాబట్టి తొట్టి వేడిగా ఉండటం ముఖ్యం. చీలికలు ఎక్కువగా ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మధ్య ఉన్న సన్నటి భాగంలో, లేదా నాజిల్ రంధ్రం పక్కన ఉంటాయి. అక్కడ చీలితే వెల్డింగు చేయిస్తామనే వారి మాట వినకండి, ఆ డబ్బుతో టెస్టు చేసిన మంచి పాత హెడ్ వెతకడం మేలు. జయపురం, రాయగడల్లో మంచి సర్ఫేస్ గ్రైండర్ పని చేసేవారు మీకు దొరక్కపోతే విజయనగరమో విశాఖ ఆటోనగరో పంపండి. హెడ్‌ను బస్సు మీద వేసి పంపినా పరవాలేదు, కానీ ముఖానికి చెక్క కొట్టి పంపండి. ఎంత మందం తీశారో మిల్లీమీటర్లలో బిల్లుమీద రాయించుకోండి. తీసేకొద్దీ వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, నాజిల్ కొన ఎక్కువ బయటికి వస్తుంది. అందుకని ఫేసింగ్ తర్వాత వాల్వు తల హెడ్ ముఖంకంటే ఎంత లోతుగా ఉందో కొలిపించి, అవసరమైతే సీట్లు దింపించాలి, నాజిల్ కింద వాషరు మందం సరిచూడాలి. హెడ్ మందం పుస్తకం చెప్పే కనిష్ఠానికి చేరి ఉంటే ఇక ఫేసింగ్ చేయించకూడదు.

బోల్టుల దగ్గర మనవాళ్లు ఎక్కువ పిసినారితనం చూపిస్తారు. అన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టి పొడవు సరిపోల్చండి. ఒకటి రెండు మిగతావాటికంటే పొడవుగా ఉన్నా, మరల దగ్గర సన్నబడి నడుము పడినా, అవి సాగిపోయిన బోల్టులు, టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) సరైన అంకె చూపించినా పట్టు ఉండదు. అంతకంటే ముఖ్యం బ్లాకులోని బోల్టు రంధ్రాలు. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిలో నీళ్లో నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే కింద చేరిన ద్రవం పోయే దారిలేక బ్లాకు పగులుతుంది. ఒకవేళ పగలకపోయినా బోల్టు కింద కూర్చోకుండానే రెంచ్ బిగిసినట్టు చూపిస్తుంది. కిందటిసారి మీ హెడ్‌కు జరిగింది ఇదే అయినా ఆశ్చర్యం లేదు. సరైన సైజు ట్యాప్ చేత్తో దించి మరలు శుభ్రం చేసి, సన్నటి గొట్టంతో గాలి కొట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ప్రతి రంధ్రం అడుగుదాకా పొడిగా చేయించండి. బోల్టు చేత్తో అడుగుదాకా తిరగాలి.

కొత్త గ్యాస్కెట్‌ను బ్లాకుమీద పెట్టేముందు పాతదాని మీద ఉంచి ప్రతి నీటి రంధ్రం, ఆయిల్ రంధ్రం, పుష్ రాడ్ దారి కలుస్తున్నాయో లేదో చూడండి. పైముఖం గుర్తు ఉంటే అది పైకే ఉండాలి. తయారీదారు రాసి ఉంటే తప్ప గ్యాస్కెట్‌కు గ్రీజు, షెల్లాక్, ట్యూబు గమ్ము ఏదీ పూయనివ్వకండి. గమ్ము మందం అన్నిచోట్లా సమంగా ఉండదు, వేడికి కరిగి పట్టు వదులుతుంది, ఎక్కువైనది ఆయిల్ దారిలోకి పోతుంది. బోల్టు మరలకు, తల కింది భాగానికి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాయడం మాత్రం అవసరం, పొడి బోల్టు మీద రెంచ్ బలమంతా రాపిడికే పోతుంది.

బిగింపు మధ్యనుంచి మొదలై రెండువైపులకూ చివరలదాకా పోవాలి, కనీసం మూడు విడతల్లో చెప్పిన టార్క్‌కు చేరాలి. ఎంత టార్క్ అనేది మీ ఇంజిన్ బోల్టు సైజునుబట్టి పుస్తకంలోంచి తీసుకోండి, ఇక్కడ నేను ఒక అంకె రాస్తే వేరే మోడల్ ఉన్న ఇంకొకరు అదే బిగించుకుంటారు. అంకె దొరికాక కొలమానం చూసుకోండి. పాత పుస్తకాల్లో కేజీ-మీటర్లలో ఉంటుంది, కొత్త రెంచ్‌ల మీద న్యూటన్-మీటర్లు, కొన్నిటిమీద అడుగు-పౌండ్లు ఉంటాయి. 1 కేజీ-మీటరు అంటే దాదాపు 9.8 న్యూటన్-మీటర్లు, లేదా 7.23 అడుగు-పౌండ్లు. పొడవాటి పైపు వేసి చేతి అంచనాతో బిగించే మిస్త్రీ ఎంత పేరున్నవాడైనా ఈ ఒక్క పనికి ఆయన చేతిని నమ్మకండి. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకు తెప్పించండి.

రాకర్ కట్టాక టాపెట్ సందు (రాకర్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ) సరిచేయడానికి సిలిండర్లు మండే 1-5-3-6-2-4 క్రమం గుర్తుంచుకుంటే చాలు. 6వ సిలిండర్ వాల్వులు రెండూ ఊగే చోట 1వ దాన్ని, 2వది ఊగినప్పుడు 5వ దాన్ని, 4వది ఊగినప్పుడు 3వ దాన్ని, ఇలా జతలుగా పోవాలి. నాజిళ్ల కింద రాగి వాషర్లు కొత్తవే వేయండి, పాతవి అక్కడే మిగిలిపోయి రెండేసి పడకుండా రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి. నీళ్లు కలిసిన ఆయిల్‌ను వదిలాక చౌక ఆయిల్ వేసి కాసేపు తిప్పి దాన్ని కూడా వదిలి, ఆ తర్వాత మంచి ఆయిల్ పోయించండి.

కూలెంట్‌ను మంచినీటితో సగం సగం కలిపి, రేడియేటర్ మెడనుంచి నెమ్మదిగా పోయండి, తొందరపడితే హెడ్ లోపల గాలి ఇరుక్కుని మొదటి స్టార్టులోనే అక్కడ కాలుతుంది. మూత తీసి ఉంచి ఐడిల్‌లో తిప్పితే మొదటి నిమిషాల్లో కొన్ని బుడగలు వస్తాయి, అవి ఇరుక్కున్న గాలి, తగ్గిపోతాయి. థర్మోస్టాట్ తెరుచుకుని పై గొట్టం వేడెక్కిన తర్వాత కూడా క్రమం తప్పకుండా వస్తూనే ఉంటే అవి మంట బుడగలు, మళ్లీ విప్పాల్సిందే. వేడెక్కిన ఇంజిన్‌లో నీళ్లు తగ్గితే చల్లటి నీళ్లు గుమ్మరించవద్దని మీ డ్రైవర్‌కూ క్లీనర్‌కూ గట్టిగా చెప్పండి. ఘాట్‌మీద ఆపి ఇంజిన్ కట్టకుండా ఐడిల్‌లోనే ముల్లు కొంచెం దిగేదాకా ఉంచి, తర్వాత ఆపి, చల్లారాక మూత తీయాలి. నీళ్లు అసలే లేకుండా పోయి ఉంటే మాత్రం వెంటనే ఇంజిన్ కట్టేయాలి.

మీకు దొరికే గ్యాస్కెట్ పాత తరహాదైతే, ఇంజిన్ ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక, తయారీదారు చెప్పిన విధంగా మళ్లీ బిగింపు చూడాలి. అప్పుడు అన్నీ ఒకేసారి వదలకుండా, వరుస ప్రకారం ఒక్కో బోల్టును కొంచెం వదిలి మళ్లీ టార్క్‌కు తెచ్చి, ఆ తర్వాతే పక్కదానికి పోవాలి. దాని వెంటే టాపెట్లు కూడా మళ్లీ చూడాలి, ఎందుకంటే హెడ్ కొంచెం కిందికి కూర్చుంటే సందు మారుతుంది. మళ్లీ బిగింపు అక్కర్లేదని డబ్బామీద రాసి ఉన్న గ్యాస్కెట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. మొదటి ట్రిప్పు ఖాళీగా జయపురం దాకా వెళ్లి రండి, రెండోది సగం లోడుతో, ఆ తర్వాతే సాలూరు నుంచి సిమెంటుతో ఎక్కండి. ఎక్కేటప్పుడు మూడో గేరులో ఈడ్చకుండా ముందే గేరు తగ్గించి ఇంజిన్ చుట్లు నిలబెట్టుకుంటే వాటర్ పంపు, ఫ్యాను రెండూ సరిగ్గా తిరుగుతాయి.

హెడ్ దించిన తర్వాత పాత గ్యాస్కెట్ రెండువైపులా ఫోటోలు, హెడ్ ముఖం మీదా బ్లాకు ముఖం మీదా ఫిల్లర్ గేజి దూరిన మందాలు, ఎయిర్ ట్యాంకు కాక్ తెరిచినప్పుడు బుడగలు ఏమయ్యాయన్న సంగతి రాస్తే, ఫేసింగ్‌కు పంపాలా లైనర్ల వైపు చూడాలా అన్నది ఖచ్చితంగా చెప్పగలను.